కోయంబత్తూరు నుండి మార్టిన్స్‌విల్ దాకా

పాఠ్యభాగ నేపథ్యం

క్రీడాకారుల జీవితాలను చదివేటప్పుడు మన చూపు సహజంగా విజయాల పట్టిక మీదికే పోతుంది. ఎన్ని పతకాలు, ఎన్ని కప్పులు అని లెక్క చూచి గొప్పవాడనో సామాన్యుడనో తీర్పు చెప్పేస్తాం. యంత్రం మీద ఆధారపడిన క్రీడలలో ఆ తీర్పు అంత సులభం కాదు. ఫార్ములా వన్ కారు పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్. అమెరికాలో స్టాక్ కారు పందేలను నిర్వహించే నాస్కార్ సంస్థ పోటీలలో దిగిన తొలి భారతీయుడు కూడా అతడే. అతని వృత్తిజీవితాన్ని ఆధారంగా చేసుకొని ఈ సమస్యను పరిశీలించే వ్యాసమిది.

పాఠ్యభాగం

వత్సవాయి పరిసర గ్రామాల వారికి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ల గురించి వేరుగా చెప్పవలసిన పని లేదు. మునేటి ఒడ్డున జరిగే ఆ ఉత్సవంలో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీ జనాన్ని విశేషంగా ఆకర్షిస్తుంది. ఆ పోటీలలో పాటించే నియమమొకటి గమనింపదగినది. అన్ని జతలనూ ఒకే బండకు కట్టరు. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని వయస్సును బట్టి వేరుచేసి, ఈడుకు ఈడు, జోడుకు జోడు అన్నట్లుగా బరిలోకి దింపుతారు. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగుల దూరం లాగిందో కొలిచి బహుమతి నిర్ణయిస్తారు. సమానుల నడుమ జరిగినప్పుడే పోటీకి అర్థముంటుందన్న సంగతి మన రైతులకు ఎవరూ నేర్పనక్కరలేదు.

మోటారు పందేలలో ఈ నియమం అన్నిచోట్లా ఒకే తీరుగా అమలు కాదు. ఫార్ములా వన్‌లో ప్రతి జట్టూ తన కారును తానే రూపొందించుకుంటుంది. ధనమున్న జట్టు కారు వేగంగా పోతుంది. లేని జట్టు కారు వెనుకబడుతుంది. డ్రైవరు ఎంత నేర్పరియైనా వెనుకబడిన కారును ముందు వరుసకు తేవడం అరుదు. దీనికి భిన్నమైన ఆలోచనతో పుట్టినది స్టాక్ కారు పందెం. స్టాక్ అనగా అంగడిలో అమ్మకానికి నిల్వ ఉంచిన సరుకు. ఎవరైనా కొనగలిగిన మామూలు కారును, మార్పులేమీ చేయకుండా పందెంలో దింపడం దీని మూలసూత్రం.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ క్రీడకు పునాది పడిన తీరు విచిత్రమైనది. అక్కడ మద్యనిషేధం అమలులో ఉన్న కాలంలో దొంగసారాను కొండదారుల వెంట రాత్రివేళ తరలించేవారు. పోలీసుల కార్లకు అందకుండా పోవాలంటే చూపుకు మామూలుగా ఉండి, లోపల బలిష్ఠమైన ఇంజను గల కారు కావాలి. నిషేధం తొలగిన తరువాత కూడా ఆ నడపరుల నేర్పు, ఆ మెకానిక్కుల పనితనం అంతరించలేదు. ఆదివారం మధ్యాహ్నాలు పొలాల నడుమ మట్టిబాటల మీద పందేలు సాగేవి. వాటికి ఒక క్రమం కల్పించదలచి, విలియం ఫ్రాన్స్ అనే మెకానిక్ 1947 డిసెంబరులో డేటోనా బీచ్‌లోని ఒక హోటలులో పందెగాళ్లను, నిర్వాహకులను సమావేశపరిచాడు. దాని ఫలితంగా 1948 ఫిబ్రవరిలో నాస్కార్ ఏర్పడింది.

మామూలు కార్లకే పరిమితమైన తొలి పందెం 1949 జూన్ 19న షార్లెట్ నగరంలో జరిగింది. అందరికన్నా ముందు గమ్యం చేరినవాడు గ్లెన్ డునవే. పందెం ముగిసిన తరువాత తనిఖీ చేయగా అతని ఫోర్డు కారు వెనుక స్ప్రింగులను గట్టిపరచినట్లు తేలింది. సారా బరువు మోసే కార్లకు చేసే ఏర్పాటే అది. అతనిని అనర్హుడిగా ప్రకటించి రెండవ స్థానంలో ఉన్న జిమ్ రోపర్‌కు బహుమతి ఇచ్చారు. తొలి పందెంలోనే తొలి విజేత తప్పుకోవలసి వచ్చినదన్నమాట. ఆనాడే లీ పెట్టీ అనే మరొక పోటీదారు ఎరువు తెచ్చుకున్న బ్యూక్ కారు పల్టీలు కొట్టి తుక్కుతుక్కయింది. ఆ లీ పెట్టీ కుమారుడు రిచర్డ్ పెట్టీ తరువాతి కాలంలో ఈ క్రీడకు చక్రవర్తియై 200 పందేలు, 7 వార్షిక విజేత పదవులు గెలిచి 1992లో విశ్రాంతి తీసుకున్నాడు. 1967లో ఒక్క ఏడాదిలోనే అతడు 27 పందేలు నెగ్గాడు. వాటిలో పది వరుసగా వచ్చినవి.

కాలం గడిచిన కొద్దీ స్టాక్ కారు పేరుకే స్టాక్ కారుగా మిగిలింది. నేటి పందెపు కారు ఉక్కు గొట్టాల చట్రం మీద ప్రత్యేకంగా నిర్మించినది. పైకి కనిపించే ఆకారం మాత్రమే అంగడి కారును పోలి ఉంటుంది. అయినా సమానత్వపు సూత్రం పూర్తిగా పోలేదు. బరువు, ఇంజను, ఒంపుసొంపులు అన్నింటికీ కొలతలున్నాయి. తనిఖీదారులు పందేనికి ముందు, తరువాత కూడా వాటిని సరిచూస్తారు.

ఇక మన కథానాయకుని వైపు వద్దాం. తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతంలో శతాబ్దాల క్రితం తరలిపోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. తొలుత నల్లరేగడి నేలల్లో పత్తి పండించి, ఆపైన మిల్లులు, వాటికి కావలసిన యంత్రాల కర్మాగారాలు నెలకొల్పిన నాయుళ్లు వీరిలో ప్రసిద్ధులు. 1920లో పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య బస్సు నడపడంతో ఆరంభించి గొప్ప పారిశ్రామికుడుగా, యంత్రనిర్మాతగా పేరొందిన జి.డి. నాయుడు ఈ కోవకు చెందినవాడే. ఇంటి భాషగా తెలుగు, వీధి భాషగా తమిళం, చేతి విద్యగా యంత్రం ఉన్న ఆ వాతావరణంలో మోటారు పందెం పుట్టుకురావడం ఆశ్చర్యం కాదు.

ఆ ఊరివాడే సుందరం కరివర్ధన్. మద్రాసు సమీపంలోని షోళవరంలో రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాశ్రయ బాట మీద జరిగే పందేలలో పాల్గొని, కార్లను స్వయంగా మలచుకొని పేరు తెచ్చుకున్నాడు. అతని అసలు ఘనత గెలిచిన పందేలలో లేదు. విదేశాల నుండి పందెపు కారు తెప్పించుకోవడం కోటీశ్వరులకు తప్ప ఇతరులకు సాధ్యం కాని ఆ రోజుల్లో, మన రోడ్ల మీద తిరిగే మారుతి 800 కారులోని 796 సీసీ ఇంజనును తీసుకొని, దాని చుట్టూ ఒంటిసీటు పందెపు కారును నిర్మించాడు. 1988లో రూపొందిన ఆ కారుకే ఫార్ములా మారుతి అని పేరు. అందరికీ ఒకే రకం కారు, ఒకే ఇంజను! అమెరికాలో స్టాక్ కారు వెనుకనున్న ఆలోచనకూ దీనికీ పోలిక స్పష్టమే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో నలభై ఒక్క ఏళ్లకే మరణించాడు. నేడు కోయంబత్తూరు శివారులో ఉన్న పందెపు బాటకు అతని పేరే పెట్టారు.

నరైన్ కార్తికేయన్ 1977 జనవరి 14న జన్మించాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ విజేత. దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు నెగ్గినవాడు. కొడుకు తొలి పందెం మద్రాసు దగ్గరి శ్రీపెరుంబుదూరులో, కరివర్ధన్ కల్పించిన ఆ ఫార్ములా మారుతి కారులోనే సాగింది. తొలి ప్రయత్నంలోనే మొదటి మూడు స్థానాలలో నిలిచాడు. 1992లో ఫ్రాన్స్‌లోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ శిక్షణశాలకు వెళ్లాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్లు.

ఆ తరువాతి పన్నెండేళ్లు ఒక నిచ్చెన ఎక్కడంలో గడిచాయి. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు పోటీల విజేతయై, ఐరోపాలో మోటారు పందేల విజేత పదవి పొందిన తొలి భారతీయుడయ్యాడు. 1996లో ఫార్ములా ఆసియా అంతర్జాతీయ విజేత అయ్యాడు. 1998 నుండి బ్రిటిష్ ఫార్ములా త్రీలో తలపడి 2000లో నాల్గవ స్థానం సంపాదించాడు. 2001 జూన్‌లో సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ జట్టు కారును పరీక్షార్థం నడపడంతో ఫార్ములా వన్ కారు నడిపిన తొలి భారతీయుడిగా పేరుపొందాడు. అయితే నడిపి చూడటం వేరు, సీటు దొరకడం వేరు. ఆ సీటు కోసం మరో నాలుగేళ్లు ఆగవలసి వచ్చింది. నైపుణ్యంతో పాటు సంస్థల ఆర్థిక ప్రాయోజకత్వం వెంట తెచ్చుకోగలవారికే చిన్న జట్లలో చోటు దొరుకుతుంది. దీనిని తప్పు పట్టేవారున్నారు. ఈ క్రీడ ఖర్చు తెలిసినవారు మాత్రం ఆశ్చర్యపడరు. టాటా, జేకే టైర్ వంటి సంస్థల అండతో 2005లో జోర్డాన్ జట్టులో అతనికి స్థానం లభించింది.

జోర్డాన్ ఒకప్పుడు గెలుపులు చూచిన జట్టే. 2005 నాటికి చేతులు మారి, బలహీనపడి ఉంది. మార్చి 6న మెల్‌బోర్న్‌లో జరిగిన తొలి పందెంలో నరైన్ పన్నెండవ స్థానం నుండి బయలుదేరి పదిహేనవవాడుగా ముగించాడు. ఆ ఏడాది జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జరిగిన పందెం అతని పేరును చరిత్రలో చేర్చింది. అది చేరిన తీరు గురించి మాత్రం నేటికీ వాదాలున్నాయి.

ఇండియానాపోలిస్ బాట అమెరికన్ల అండాకారపు పందేలకు కట్టినది. దాని చివరి మలుపు ఒక పక్కకు వాలి ఉంటుంది. ఆ వాలు మీద అతివేగంగా పోతున్నప్పుడు మిషెలిన్ సంస్థ టైర్లు తట్టుకోలేకపోయాయి. పందేనికి ముందే ఒక కారు గోడకు గుద్దుకుంది. రాజీ కుదరలేదు. పందెం రోజున సన్నాహపు చుట్టు ముగియగానే ఆ టైర్లు వాడే 14 కార్లూ లోపలికి మళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు గల ఆరు కార్లు మాత్రమే పందెం సాగించాయి. ఫెరారీ కార్లలో షూమాకర్, బారికెల్లో మొదటి రెండు స్థానాలు, జోర్డాన్ జట్టులోని సహచరుడు మోంటేరో మూడవ స్థానం, నరైన్ నాల్గవ స్థానం పొందారు. ప్రేక్షకులు ఆగ్రహించి బాట మీదికి సీసాలు విసిరారు. నాల్గవ స్థానానికి వచ్చిన 5 పాయింట్లతో, ఫార్ములా వన్‌లో పాయింట్లు పొందిన తొలి భారతీయుడయ్యాడు నరైన్.

ఇది గెలుపా, అదృష్టమా? పోటీదారులే లేని పోటీ అని తేలికపరచేవారి మాటలో కొంత నిజముంది. ఇరవై కార్లూ నిలిచి ఉంటే ఆ కారుకు నాల్గవ స్థానం దక్కదు. కాని మరొక వైపు కూడా చూడాలి. మిగిలిన పందేలలో అతడు వెనుకబడినప్పుడు అది అతని లోపమని, ముందుకు వచ్చినప్పుడు అది అదృష్టమని అనడం న్యాయమా? కారు వల్ల ఓడినవాడికి టైరు వల్ల ఒకసారి లాభం కలిగింది. ఈ లెక్కలో రెండు పక్కలా యంత్రమే ఉంది. మనిషి ఎంతటివాడో ఆ రోజు ఫలితం చెప్పదు, మిగతా రోజుల ఫలితాలూ చెప్పవు.

ఆ ఏడాది తరువాత అతనికి పోటీ సీటు దొరకలేదు. 2006, 2007 సంవత్సరాలలో విలియమ్స్ జట్టుకు పరీక్షా డ్రైవరుగా పనిచేశాడు. దేశానికొక జట్టు చొప్పున, అందరికీ ఒకే రకం కారు ఇచ్చి నడిపే ఏ1 గ్రాండ్ ప్రి పోటీలలో 2007 డిసెంబరులో చైనాలోని జుహాయ్‌లో భారతదేశానికి తొలి విజయం తెచ్చాడు. కార్లు సమానమైన చోట ఫలితం ఎలా మారిందో విద్యార్థులు గుర్తించాలి.

2010లో పద్మశ్రీ పురస్కారం లభించిన ఏడాదే అతడు అమెరికా వెళ్లి నాస్కార్ ట్రక్ పోటీలలో చేరాడు. ఇక్కడ ట్రక్ అంటే మన రహదారి మీది లారీ కాదు. వెనుక తెరచిన తొట్టి గల పికప్ వాహనం రూపంలో ఉండే పందెపు బండి అది. స్టాక్ కార్లలో అదొక తరగతి. వైలర్ రేసింగ్ అనే జట్టు తరఫున షెవర్లే వాహనంతో మార్చి నెలలో వర్జీనియా రాష్ట్రంలోని మార్టిన్స్‌విల్‌లో తొలి పందెంలో దిగాడు. వయస్సు ముప్పది మూడు.

కాగితాలు గుచ్చే పిన్నును తలచుకుంటే మార్టిన్స్‌విల్ బాట ఆకారం కళ్లకు కడుతుంది. పొడవాటి రెండు తిన్నని దారులు, వాటిని కలిపే రెండు ఇరుకు మలుపులు. చుట్టు మొత్తం కిలోమీటరులో ఎనభై అయిదు వంతులు మాత్రమే. ముప్పైకి పైగా బండ్లు ఆ కురచ బాట మీద 250 చుట్లు తిరగాలి. కలిపి చూస్తే సుమారు 210 కిలోమీటర్లు. జగ్గయ్యపేట నుండి హైదరాబాదు చేరేటంత దూరం, అంతా ఎడమ చేతి మలుపులతోనే!

ఎడమకు తిప్పుతూ పోవడంలో గొప్పేమిటని అనిపించవచ్చు. ఫార్ములా వన్ కారు డ్రైవరుతో కలిపి ఆనాడు 605 కిలోలు. స్టాక్ వాహనం బరువు పదిహేను వందల కిలోలకు పైనే. మొదటిది గాలి ఒత్తిడితో నేలకు అంటుకొని, తలచిన చోట ఆగుతుంది. రెండవది ప్రతి మలుపులో బయటికి జారిపోవాలని చూస్తుంది. బ్రేకు గట్టిగా తొక్కితే మలుపు దాటుతుంది గాని, ప్రతి చుట్టుకూ రెండుసార్లు అలా తొక్కితే సగం పందెం కాకముందే బ్రేకులు ఎర్రగా కాలి పట్టు విడుస్తాయి. కనుక బ్రేకును పొదుపుగా వాడాలి. గేరు మార్చడానికి స్టీరింగు మీద మీట లేదు. కాలికి క్లచ్చి, చేతికి కడ్డీ. కప్పు మూసి ఉన్నందున లోపలి వేడి మన రోహిణి కార్తె ఎండను మించుతుంది. చుట్టూ ఉన్న బండ్లు పూర్తిగా కనబడవు. స్టేడియం పైకప్పు మీద నిలుచున్న జట్టు మనిషి రేడియోలో చెప్పే మాటను నమ్మి పక్కకు జరగాలి.

అన్నిటికన్నా పెద్ద తేడా తాకిడి. ఫార్ములా వన్‌లో చక్రాలు బయటికి ఉంటాయి. ఒకరి చక్రం మరొకరి చక్రానికి తగిలితే కారు గాలిలోకి లేస్తుంది. అందుచేత అక్కడ తాకడం నేరం. స్టాక్ కార్లలో ముందువాడి బంపరును మెల్లగా నెట్టి దారి చేసుకోవడం ఆటలో భాగమే. ఇరవై ఏళ్లుగా తాకకుండా నడపడమే నేర్చిన చేతులు, తాకుతూ నిలదొక్కుకోవడం నేర్చుకోవాలి. ఆ బాటల మీదనే పెరిగి పెద్దయిన పోటీదారుల నడుమ నరైన్ తొలి పందెంలో పదమూడవ స్థానంలో ముగించాడు. కీర్తిపత్రాలలో చేరే సంఖ్య కాదు పదమూడు. అయినా అతని నేర్పును అంచనా వేయదలచిన వారికి ఇండియానాపోలిస్ నాల్గవ స్థానం కన్నా ఈ పదమూడవ స్థానమే ఎక్కువ ఆధారమని నా అభిప్రాయం. నిజమే, అక్కడ కూడా ధనిక జట్లకు మేలిమి మెకానిక్కులు ఉంటారు. కాని బండికీ బండికీ ఉన్న అంతరం అక్కడ తక్కువ. పట్టుమని పది పందేలైనా నడపకుండానే, అభిమానుల ఓట్లతో ఇచ్చే ఆ ఏటి ప్రజాదరణ పురస్కారం ఆ తరగతిలో నరైన్‌కే దక్కింది.

ఈ ఆదరణ విలువ తెలియాలంటే అదే నేల మీది మరొకరి కథ తెలుసుకోవాలి. మార్టిన్స్‌విల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని డాన్‌విల్ పట్టణవాసి వెండెల్ స్కాట్. నల్లజాతికి చెందినవాడు. పాత విడిభాగాలతో తన కారును తానే బాగుచేసుకుంటూ 1961 నుండి నాస్కార్ అగ్రశ్రేణిలో పందెం కట్టాడు. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. అయినా గెలుపు జెండాను మరొకరికి ఊపారు, బహుమతి కప్పును ఆ మరొకరికే ఇచ్చి పంపారు. జనం వెళ్లిపోయాక లెక్కలో పొరపాటు జరిగిందని ఒప్పుకొన్నారు. స్కాట్ 1990లో కన్నుమూశాడు. అతని కుటుంబానికి నాస్కార్ ఆ కప్పును అందజేసినది 2021 ఆగస్టులో. సమానమైన బండ్లు ఇవ్వాలని నియమం రాసుకున్న క్రీడ, సమానమైన మనుషులుగా చూడటానికి అంత కాలం తీసుకుంది.

2011లో నరైన్ హెచ్ఆర్‌టీ జట్టుతో మళ్లీ ఫార్ములా వన్‌కు వచ్చాడు. వరుసలో చిట్టచివరి జట్లలో అదొకటి. మధ్యలో సీటు కోల్పోయినా, అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రిలో సొంత ప్రేక్షకుల ముందు నడిపి పదిహేడవ స్థానంలో నిలిచాడు. అడుగు జట్టు డ్రైవరు పని కష్టమైనది. వెనుక నుండి ఒక చుట్టు అధికంగా తిరిగి వచ్చే అగ్రగాములకు నీలిజెండా చూడగానే దారి ఇవ్వాలి, తన పందెం తాను చూసుకోవాలి. 2012లో మలేషియా పందెంలో అలా దారి ఇచ్చే సమయంలోనే ప్రపంచ విజేత వెటెల్ కారు చక్రం నరైన్ కారుకు తగిలి పగిలింది. వెటెల్ బహిరంగంగా పరుషమైన మాటలాడాడు. మార్టిన్స్‌విల్‌లో అయితే అటువంటి తాకిడిని ఎవరూ గుర్తు కూడా పెట్టుకోరు. ఆ ఏడాది చివర హెచ్ఆర్‌టీ జట్టు మూతపడింది.

అప్పటికి ముప్పది అయిదేళ్లు దాటిన నరైన్ పందెం మానలేదు. 2014 నుండి జపాన్‌లో సూపర్ ఫార్ములా పోటీలలో అయిదేళ్లు నడిపాడు. 2019లో పైకి అంగడి కారు రూపంలో ఉండి లోపల ప్రత్యేకంగా నిర్మించిన సూపర్ జీటీ కార్లకు మారాడు. ఒక విధంగా అవి అమెరికా స్టాక్ కార్లకు దాయాదులే. ఆ ఏడాది నవంబరులో ఫుజి పర్వత పాదాన ఉన్న బాట మీద జపాన్ కార్లను, జర్మనీ కార్లను ఒకే నియమావళి కింద చేర్చి రెండు ప్రత్యేక పందేలు నిర్వహించారు. 24వ తేదీన జరిగిన రెండవ పందెంలో నాకజిమా జట్టు హోండా కారుతో అందరికన్నా ముందు గమ్యరేఖ దాటినవాడు నలభై రెండేళ్ల నరైన్ కార్తికేయన్.

ప్రశ్నలు

1. ఎడ్ల పోటీలలో పళ్ల విభాగాల నియమాన్ని రచయిత ఎందుకు ప్రస్తావించాడు?

2. స్టాక్ కారు పందేనికి, కరివర్ధన్ ఫార్ములా మారుతి ప్రయత్నానికి గల పోలికను వివరించండి.

3. ఇండియానాపోలిస్ ఫలితం గురించి రచయిత చెప్పిన అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.

4. ఫార్ములా వన్ కారు నడపడానికీ, స్టాక్ కారు నడపడానికీ గల భేదాలేవి?

5. వెండెల్ స్కాట్ వృత్తాంతాన్ని సొంత మాటలలో రాయండి.